మొదటి క్రైస్తవుల చరిత్ర సొంతంగా చదవాలంటే ఏ వరసలో వెళ్ళాలి

కొత్త నిబంధన తెరవగానే మత్తయి వస్తుంది, తర్వాత మార్కు, లూకా, యోహాను, ఆ తర్వాత అపొస్తలుల కార్యములు, అవన్నీ అయ్యాక పౌలు పత్రికలు. ఈ వరసలోనే చదువుకుంటూ పోతే ముందు సువార్తలు రాసేశారు, తర్వాత పౌలు వచ్చి వాటి మీద వ్యాఖ్యానం రాశాడు అనిపిస్తుంది. కానీ జరిగింది వేరు. నాలుగు సువార్తల్లో ఒక్కటి కూడా ఇంకా రాయనప్పుడే పౌలు ఉత్తరాలు ఊళ్ళు తిరుగుతున్నాయి. కాబట్టి మొట్టమొదట చేయాల్సిన పని, విషయసూచిక పక్కన పెట్టేసి రాసిన కాలం ప్రకారం చదవడం. ఈ ఒక్క మార్పుతోనే సగం సందేహాలు తీరతాయి, ఇంకో సగం కొత్తవి పుడతాయి, అది వేరే సంగతి.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ఇంట్లో ఉన్న తెలుగు బైబిల్ చాలు, పాత అనువాదమైనా పర్లేదు, ఒక నోట్‌బుక్, పెన్ను. రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చూపించే యాప్ ఏదైనా ఫోన్లో ఉంటే ఇంకా సుఖం. మీరు నమ్మేవాళ్ళైనా నమ్మనివాళ్ళైనా పద్ధతి ఒకటే, చదివేటప్పుడు మాత్రం గుడిలో విన్న ప్రసంగాన్నీ యూట్యూబ్ డిబేట్‌నీ కాసేపు మర్చిపోండి.

ముందు పౌలు దగ్గర మొదలుపెట్టండి. ఆయన పేరుతో 13 పత్రికలు ఉన్నాయి గానీ ఆయనే రాశాడని పండితులు పెద్దగా గొడవ పడకుండా ఒప్పుకునేవి ఏడు: రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, మొదటి థెస్సలొనీక, ఫిలేమోను. వీటిలో మొదటి థెస్సలొనీకతో మొదలెట్టండి, అది సుమారు క్రీ.శ. 50 నాటిది. ఆ తేదీ గాల్లోంచి వచ్చింది కాదు. కార్యములు 18వ అధ్యాయంలో పౌలుని కొరింథులో గల్లియోను అనే అధికారి ముందుకి లాక్కెళ్తారు కదా, ఆ గల్లియోను పేరు ఉన్న రాతి శాసనం ఒకటి గ్రీసులోని డెల్ఫీలో దొరికింది, క్లౌదియ చక్రవర్తి రాయించిన లేఖ అది, దాన్నిబట్టి గల్లియోను అక్కడ 51-52 ప్రాంతంలో అధికారంలో ఉన్నాడని లెక్క తేలింది. పౌలు జీవితంలో మిగతా తేదీలు చాలావరకు ఈ మేకుకి తగిలించినవే.

పౌలుని చదివేటప్పుడు ఆయన చెప్పినవి ఒక పక్క, చెప్పనివి ఒక పక్క రాసుకోండి. కన్య గర్భం గురించి ఒక్క మాట ఉండదు, గలతీ 4:4లో స్త్రీకి పుట్టాడు అంటాడు అంతే. బేత్లెహేము లేదు, ఉపమానాలు లేవు, అద్భుతాల కథలు లేవు. అలాగని తెలియదు అని తీర్మానించేయకండి, ఆయన రాస్తున్నవి ఉత్తరాలు, జీవిత చరిత్ర కాదు. కానీ 1 కొరింథీ 15:3 నుంచి 8 దాకా ఒక లిస్టు ఇస్తాడు చూడండి, తిరిగి లేచిన క్రీస్తు ఎవరెవరికి కనిపించాడో: కేఫా (అంటే పేతురే), పన్నెండుగురు, ఐదు వందల మందికి పైగా, యాకోబు, అపొస్తలులందరు, చివరికి తను. ఇది నాకు అప్పగించిన మాట అని తనే చెప్తున్నాడు, అంటే ఆ ఉత్తరం కంటే ఆ లిస్టు పాతది. ఇప్పుడు నాలుగు సువార్తల చివర్లకి వెళ్ళండి, సమాధి దగ్గరికి మొదట వెళ్ళింది ఆడవాళ్ళు. పౌలు లిస్టులో వాళ్ళ పేరే లేదు.

తర్వాత గలతీ 2, కార్యములు 15 పక్కపక్కన పెట్టండి. దీనికి ఒక సాయంత్రం మొత్తం కేటాయించినా నష్టం లేదు. యూదులు కానివాళ్ళు యేసుని నమ్ముకుంటే సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్రం పాటించాలా అన్నది గొడవ. కార్యముల్లో ఇది పద్ధతిగా జరిగిన మీటింగ్: పేతురు మాట్లాడతాడు, యాకోబు తీర్పు చెప్తాడు, విగ్రహాలకి అర్పించినవి, జారత్వం, గొంతు పిసికి చంపినది, రక్తం, ఈ నాలుగూ వద్దని లెటర్ రాసి పంపుతారు, అందరూ సంతోషం. గలతీలో పౌలు చెప్పే వెర్షన్‌లో ఆ లెటర్ ఊసే లేదు, బీదల్ని గుర్తుంచుకోమన్నారు, అంతే అంటాడు. పైగా 1 కొరింథీ 8లో విగ్రహాలకి పెట్టిన మాంసం తినొచ్చా లేదా అని మళ్ళీ మొదట్నుంచి వాదన పెడతాడు, నిజంగా ఆ లెటర్ చేతిలో ఉంటే ఒక్క వాక్యంలో తేల్చేయొచ్చు కదా అని నాకనిపిస్తుంది.

అక్కడితో ఆగలేదు. అంతియొకయలో కేఫా అన్యజనులతో కలిసి భోంచేస్తున్నాడు, యాకోబు దగ్గర్నుంచి కొందరు రాగానే మెల్లగా పంక్తి లోంచి జారుకున్నాడు, బర్నబా కూడా ఆయన వెంటే పోయాడు. పౌలు అందరి ముందు నిలదీశాను అని రాశాడు. ఆ తర్వాత ఏమైందో మాత్రం చెప్పడు. పేతురు తప్పు ఒప్పుకుని ఉంటే పౌలు లాంటి మనిషి ఆ మాట రాయకుండా ఉంటాడా? కార్యములు చదివితే ఈ పంక్తి గొడవే కనపడదు, పౌలు బర్నబా విడిపోయింది యోహాను మార్కుని వెంట తీసుకెళ్ళాలా వద్దా అన్న దగ్గర అని ఉంటుంది. మొదట్లో అందరూ ఒక్క మాట మీద ఉన్నారు, తప్పుడు బోధలు తర్వాతెప్పుడో దూరాయి అనే కథ మనం బాగా విని ఉంటాం. మొదటి తరంలోనే, యేసు సొంత తమ్ముడు యాకోబు, ముఖ్య శిష్యుడు పేతురు, పౌలు ఈ ముగ్గురి మధ్యే ఎవరితో కూర్చుని తినాలి అన్న దగ్గర తేడా వచ్చింది, అదీ పౌలు స్వయంగా రాసిన సాక్ష్యం.

సువార్తలకి వస్తే మార్కు ముందు, సుమారు 70 ప్రాంతం, యెరూషలేము గుడి కూలిన రోజులు. మత్తయి, లూకా ఆ తర్వాత ఓ పది పదిహేనేళ్ళకి, ఇద్దరి ముందూ మార్కు ఉంది అన్నది ఎక్కువమంది పండితుల మాట. యోహాను 90ల్లో. ఇక్కడ కూడా అన్నీ కలిపి చదవొద్దు, ఒక్కోటి విడిగా చదవండి. మనకి ఇది కష్టమే, ఎందుకంటే గుడ్ ఫ్రైడే రోజు మన గుళ్ళల్లో సిలువ మీద పలికిన ఏడు మాటలు వరసగా ఒక్కొక్కరు ప్రసంగిస్తారు, చిన్నప్పట్నుంచి అవి విన్న చెవులకి ఏడూ ఒకే చోట ఉన్నట్టే ఉంటుంది. ఏ సువార్తలోనూ ఏడు లేవు. మూడు లూకావి, మూడు యోహానువి, ఒకటి మాత్రం మార్కు మత్తయి ఇద్దరిలో ఉంది. ఆ ఒక్కటి ఏది? నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచావు అన్న కేక. మార్కులో యేసు సిలువ మీద పలికిన మాట అదొక్కటే, తర్వాత గొప్ప కేక వేసి ప్రాణం విడుస్తాడు. లూకాలో ఆ కేక లేదు, తండ్రీ నా ఆత్మని నీ చేతికి అప్పగిస్తున్నా అని ప్రశాంతంగా పోతాడు. యోహానులో సమాప్తమైనది అంటాడు, పని ముగించిన మనిషి మాట అది. కలిపేస్తే ఐదో సువార్త ఒకటి మనమే తయారుచేసినట్టు, మార్కు ఏం చెప్పాలనుకున్నాడో అందులో మునిగిపోతుంది.

ఇదే పద్ధతిలో చనిపోయిన రోజు కూడా చూడండి. మార్కులో యూదుల పస్కా పండగ భోజనం తిన్న తర్వాత పట్టుకుంటారు. యోహాను 19:14లో పిలాతు తీర్పు ఇచ్చేటప్పటికి అది పస్కాకి సిద్ధపరచుకునే రోజు, అంటే ఆ భోజనం ఇంకా కాలేదు, గొర్రెపిల్లల్ని కోసే వేళకి యేసు సిలువ మీద ఉంటాడు. యోహానులోనే మొదటి అధ్యాయంలో దేవుని గొర్రెపిల్ల అని యేసుని పిలిచింది గుర్తుంటే ఆ రోజు ఎందుకు మారిందో ఊహించడం కష్టం కాదు. రెంటినీ అతికించే వాదనలు చాలా ఉన్నాయి, చదవండి, కానీ ముందు తేడాని తేడాలా చూడండి.

ఇక రెండో శతాబ్దం, అసలు సందడి ఇక్కడే. నోట్‌బుక్‌లో ఒక పేజీకి నాలుగు గడులు గీసుకోండి, ఏ గుంపు ఎదురైనా నాలుగే ప్రశ్నలు: వీళ్ళకి యేసు ఎవరు, యూదుల లేఖనాల్ని ఏం చేశారు, చేతిలో ఏ పుస్తకాలున్నాయి, ఎవరి మాట చెల్లుతుంది. ఎబియోనైట్లని తీసుకుంటే, ధర్మశాస్త్రం పాటించే యూదు క్రైస్తవులు, యేసు మనిషే, దేవుడు ఎన్నుకున్న మెస్సయ్య, మత్తయి సువార్త మాత్రమే, పౌలు అంటే మండిపాటు. దానికి పూర్తిగా ఎదురు కొస మార్కియన్. నల్ల సముద్రం ఒడ్డున సినోపె ఊరివాడు, ఓడల వ్యాపారి, రోముకి వచ్చి అక్కడి సంఘానికి రెండు లక్షల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) ఇచ్చాడట, 144లో బోధ నచ్చక బయటికి పంపినప్పుడు డబ్బు కూడా తిరిగి ఇచ్చేశారు. ఆయన దృష్టిలో లోకాన్ని సృష్టించిన యూదుల దేవుడు వేరు, యేసు చూపించిన ప్రేమగల తండ్రి వేరు. పాత నిబంధన అక్కర్లేదు. ఒక సువార్త, పది పౌలు పత్రికలు, ఇదీ ఆయన బైబిల్, క్రైస్తవ పుస్తకాలకంటూ మనకి తెలిసిన మొట్టమొదటి పక్కా లిస్టు ఇదే.

ఆ సువార్త ఎలా మొదలయ్యేదో మీరే చూడొచ్చు. లూకా 3:1 తీసి తిబెరి కైసరు పదిహేనో ఏడు అన్న మాట చదివి అక్కడ్నుంచి ఏకంగా 4:31కి దూకండి, కపెర్నహూముకి వచ్చాడు. మధ్యలో, ముందు ఏం పోయాయి? జెకర్యా, దేవదూత, మరియ, పశువుల తొట్టి, బాప్తిస్మం, వంశావళి, అన్నీ. పుట్టుక లేని క్రీస్తు, పైనుంచి నేరుగా దిగినవాడు. మార్కియన్ కత్తిరించాడని శత్రువులన్నారు, కాదు ఆయన దగ్గరున్నదే పాత రూపం అని ఈ రోజుల్లో కొందరు పండితులంటారు, ఆ వాదన ఇంకా తెగలేదు.

శత్రువులన్నారు అన్నాను చూడండి, అదే ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చోటు. మార్కియన్ సొంత రచన మనకి మిగల్లేదు, ఆయన మీద టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత రాసిన ఐదు పుస్తకాలు మిగిలాయి, అదీ ఓ అరవై ఏళ్ళ తర్వాత. గ్నోస్టిక్కులు, అంటే రహస్య జ్ఞానంతోనే రక్షణ అనే గుంపులు, వాళ్ళ సంగతీ అంతే, లియాన్ బిషప్ ఇరేనియస్ 180 ప్రాంతంలో వాళ్ళని తిడుతూ రాసిందే చాలాకాలం దిక్కు. ఎన్నికల్లో ఓడిపోయిన పార్టీ మేనిఫెస్టోని గెలిచిన పార్టీ పాంప్లెట్‌లో చదివినట్టు ఉంటుంది. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర ఎరువు మట్టి కోసం తవ్వుకునే రైతులకి ఒక కుండ దొరికింది, అందులో తోలు అట్టలేసిన, కోప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలో పుస్తకాలు, యాభైకి పైగా రచనలు. అప్పట్నుంచి వాళ్ళ గొంతు నేరుగా వినగలుగుతున్నాం. పోల్చి చూస్తే ఇరేనియస్ మరీ అబద్ధాలకోరేం కాదు, ఆయన చెప్పిన ఒక సృష్టి కథ ఆ కుండలోని యోహాను రహస్య గ్రంథంలో దాదాపు అలాగే కనిపించింది. కానీ నీతి లేని మనుషులు అన్న నింద మాత్రం ఆ పుస్తకాలకి అతకదు, వాటి మొగ్గు సన్యాసం వైపే ఎక్కువ.

అట్టే ఉత్సాహపడి దాచేసిన అసలు సువార్తలు ఇవే అని కూడా పోవద్దు. తోమా సువార్తలో 114 మాటలున్నాయి, సిలువ లేదు, పునరుత్థానం కథ లేదు, దాని వయసు మీద పెద్ద తగువే ఉంది. మిగతావి చాలావరకు రెండో శతాబ్దం, ఆ తర్వాతవి. యూదా సువార్త, యేసుని పట్టించిన ఆ యూదా రాసింది కాదు.

నైసియా దగ్గరికి, అంటే బిషప్పులు కూడిన ఆ పెద్ద సభ దగ్గరికి వచ్చేసరికి వాట్సాప్‌లో తిరిగే రెండు మాటల్ని ముందే కొట్టేయండి. ఒకటి, 325లో అక్కడ కూర్చుని బైబిల్‌లో ఏ పుస్తకాలుండాలో తేల్చారు అన్నది. ఆ సభ చేసిన 20 నియమాల్లో అలాంటిదేదీ లేదు, ఇప్పుడున్న 27 పుస్తకాల లిస్టు అచ్చంగా కనపడేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన పండగ ఉత్తరంలో. రెండోది, ఓట్లు వేసి యేసుని దేవుణ్ణి చేశారు అన్నది. 112 ప్రాంతంలోనే ప్లీనీ అనే రోమన్ గవర్నర్ చక్రవర్తికి రాస్తూ, వీళ్ళు తెల్లవారకముందే కూడి క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాడుతున్నారు అన్నాడు. ఫిలిప్పీ 2:6-11 అంతకంటే యాభై ఏళ్ళ పాతది.

మరి గొడవ దేని మీద? అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే సంఘ పెద్ద ఒకాయన, కుమారుడు దేవుడే గానీ తండ్రి ఆయన్ని కలగజేశాడు, ఆయన లేని సమయం ఒకటుంది అన్నాడు. బిషప్ అలెగ్జాండర్ కుదరదన్నాడు. ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే లేఖనాలు. ఏరియస్ వైపువాళ్ళు సామెతలు 8:22 తీస్తారు, జ్ఞానం నన్ను యెహోవా కలుగజేసెను అంటుంది, యోహాను 14:28 తీస్తారు, తండ్రి నాకంటె గొప్పవాడు. అవతలివాళ్ళు అదే యోహానులో 10:30 తీస్తారు, నేనును తండ్రియును ఏకమై యున్నాము. ఈ మూడు వచనాలు ఒక పేజీలో రాసుకుని, మీకు నచ్చని పక్షం తరఫున పది నిమిషాలు వాదించి చూడండి, ఏరియస్ ఏదో వెర్రివాడని ఇక అనలేరు.

సభలో ఏరియస్ ఓడిపోయాడు, కానీ కథ అక్కడ అయిపోలేదు. చక్రవర్తి కాన్‌స్టాంటైన్ 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకుంది ఏరియస్‌ని సమర్థించిన నికొమీదియ యూసేబియస్ చేతుల మీద. నైసియా తీర్పుని పట్టుకున్న అతనాసియస్‌ని ఐదుసార్లు ఊరు వదిలి పొమ్మన్నారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా పైచేయి మారుతూనే ఉంది. మీరు సీఎస్ఐ గుడికో లూథరన్ గుడికో ఆర్‌సీఎం గుడికో వెళ్ళేవాళ్ళైతే అక్కడ చెప్పే నైసియా విశ్వాస ప్రమాణం ఆ 381తో ముడిపడ్డ రూపం. 325 నాటిది వెతికి పక్కన పెట్టి చూడండి. అది పరిశుద్ధాత్మ పేరు ఎత్తి అక్కడే ఆగిపోతుంది, ఆయన గురించి ఇంకేం చెప్పదు, వెంటనే చివర్లో ఏరియస్ మాటలు పలికేవాళ్ళ మీద శాపం ఉంటుంది. పరిశుద్ధాత్మ గురించిన వాక్యాలు ఎందుకు పెరిగాయో కావాలంటే 360, 370ల్లో బాసిల్, ఇద్దరు గ్రెగొరీలు అనే బిషప్పులు చేసిన వాదనల్లోకి దిగాలి, దానికి ఇంకో నోట్‌బుక్ కొనుక్కోండి.