సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ రాద్దాం – 3వ పాఠం: ఏ టూల్ పట్టుకోవాలి?

పోయిన పాఠంలో చీనీ (బత్తాయి) తోటకు డ్రిప్పు ఎన్ని గంటలు వదలాలో లెక్కగట్టే మన ప్రోగ్రామ్ గురించి పేజీలు పేజీలుగా రాసుకున్నాం. వాటిని జనం చదివేలా ఏ టూల్‌తో తయారు చేయాలో ఇప్పుడు తేల్చుకుందాం.

ముందు చూసుకోవాల్సింది చదివేవాళ్ళను. కోడ్‌లో చేయి పెట్టే అనంతపురం ఇంజనీరింగ్ పిల్లలు ల్యాప్‌టాప్‌లో చదువుతారు, ఇంగ్లీషైనా సర్దుకుంటారు. గార్లదిన్నె, నార్పల వైపు రైతులకు మాత్రం తెలుగే కావాలి. ఫోన్‌లో చూసుకునేది ఒకటి, మోటారు షెడ్డు గోడకు అంటించుకునే కాగితం ఒకటి.

ఇంగ్లీషు వెబ్‌సైటు ఒక్కటే చాలనుకుంటే ఎమ్‌కేడాక్స్ తీసుకోండి. అందులో రాసే పద్ధతి మార్క్‌డౌన్, అంటే మామూలు టెక్స్ట్‌లోనే చిన్న చిన్న గుర్తులతో శీర్షికలు, జాబితాలు పెట్టుకోవడం. అది త్వరగా పట్టుబడుతుంది, సేవ్ కొట్టగానే బ్రౌజర్‌లో పేజీ మారిపోతుంది. సీ ప్లస్ ప్లస్ కోడ్‌లోని కామెంట్ల నుంచి ఫంక్షన్ల వివరాలు తీయడానికి డాక్సిజెన్ ఉంది. అయితే కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే పేజీ దానంతటది పుట్టదు, మనమే రాయాలి.

మన అవసరానికి నేను స్ఫింక్స్ అనే టూల్‌నే ఎంచుకుంటాను. పైథాన్ భాష సొంత డాక్యుమెంటేషన్ కోసం పుట్టి, 2008లో బయటికొచ్చింది. అందులో రాసే గుర్తుల పద్ధతి, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, మొదట్లో కాస్త మొండికేస్తుంది. మిస్ట్ పార్సర్ అనే అదనపు భాగం పెట్టుకుంటే మార్క్‌డౌన్‌లోనే రాసుకోవచ్చు.

దీని అసలు బలం అనువాదంలో ఉంది. ఇంగ్లీషు పేరాలను గెట్‌టెక్స్ట్ అనే అనువాద పద్ధతి ఫైళ్ళలోకి విడదీసి ఇస్తుంది. వాటి నుంచి ఒక్కో భాషకు తయారయ్యేవే పీవో ఫైళ్ళు, ఇంగ్లీషు పేరా కింద అనువాదం రాసే చోటు ఉంటుంది. తెలుగు చేసేవాళ్ళు కోడ్ ముట్టుకోకుండా ఆ పీవో ఫైళ్ళు నింపితే చాలు. రేపు ఇంగ్లీషులో ఒక పేరా మారి, ఫైళ్ళు అప్‌డేట్ చేస్తే, ఆ పేరా ఒక్కటే మళ్ళీ చూడమని గుర్తు పడుతుంది. మిగతా అనువాదం చెక్కుచెదరదు.

ఇక కాగితం సంగతి. ఇక్కడ ఓపిక పట్టండి, చాలామంది వదిలేసేది ఇక్కడే. స్ఫింక్స్ మామూలుగా పీడీఎఫ్‌లాటెక్ (pdflatex) అనే పేజీలు కూర్చే ప్రోగ్రామ్‌తో పీడీఎఫ్ తీస్తుంది, దానికి తెలుగు లిపి మింగుడుపడదు. స్ఫింక్స్ సెట్టింగులు ఉండే కాన్ఫ్ డాట్ పీవై (conf.py) ఫైల్‌లో లాటెక్ ఇంజిన్‌ను జీలాటెక్ (xelatex)కు మార్చి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఫాంట్ పేరు ఇవ్వండి. ఆ ఫాంట్ పక్కనే స్క్రిప్ట్ తెలుగు అని కూడా చెప్పాలి. చెప్పకపోతే అక్షరాలు వస్తాయి గానీ వత్తులు కుదరవు, 'మొక్కకు' కాస్తా 'మొక్‌కకు' అయి కూర్చుంటుంది. అలాంటి కాగితం రైతు చేతికి ఇవ్వకూడదు.

వచ్చే పాఠం లోపు ఒక్క తెలుగు పేజీని పీడీఎఫ్ తీసి, ప్రింటు వేసి, 'మొక్క', 'రాత్రి', 'నీళ్ళు' అన్న మాటల్లో వత్తులు చూడండి. అవి సరిగ్గా పడితే పీవో ఫైళ్ళు మొదలుపెడదాం.