పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటాతో నిరుద్యోగ రేటు మీరే లెక్క కట్టుకోండి

నిరుద్యోగం 3.2 శాతమని ఒకరు, కాదు 4.9 అని ఇంకొకరు కొట్టుకుంటుంటే ఇద్దరిదీ కరెక్టే కావచ్చు. రెండూ 2023-24 పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం కొన్ని ఇళ్లకి వెళ్లి చేసే ఉద్యోగ సర్వే) అంకెలే, 15 ఏళ్లు, ఆపై వయసు వాళ్లవే. మొదటిది ఏడాది మొత్తం మీద ఏం చేశారని అడిగి తీసింది (దీన్నే యూజువల్ స్టేటస్ అంటారు), రెండోది గడిచిన 7 రోజుల్లో ఏం చేశారని. వారం లెక్కలో ఏదో ఒక రోజు గంట పని చేసినా పని ఉన్నట్టే. కాబట్టి ఏది కావాలో ముందే తేల్చుకోండి.

డేటా కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా (ఒక్కో మనిషి జవాబులుండే ఫైళ్లు) సైట్లో ఉచితం, రిజిస్టర్ అయితే చాలు. దించాక టెక్స్ట్ ఫైల్ తెరిస్తే ఖాళీల్లేకుండా అంకెలే అంకెలు, కళ్లు తిరుగుతాయి. టెన్షన్ పడకండి, పక్కనే ఉన్న లేఅవుట్ ఎక్సెల్‌లో ఏ కాలమ్ ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుందో ఉంటుంది, దాన్ని బట్టి ఆర్, స్టాటా లాంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లో చదివించండి. 2024 వరకు డేటాలో వార్షిక లెక్కకి ఫస్ట్ విజిట్ ఫైల్ మాత్రమే వాడాలి, పట్టణాల్లో అవే ఇళ్లకి మళ్లీ మళ్లీ వెళ్లారు కాబట్టి.

అసలు కథ స్టేటస్ కోడ్స్‌లో, అంటే ఎవరు ఏం చేస్తున్నారో చెప్పే అంకెల్లో ఉంది. 11 నుంచి 51 దాకా పనిలో ఉన్నవాళ్లు (21 అంటే ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేకుండా సాయపడేవాళ్లు, 31 నెల జీతం), 81 పని దొరకనివాళ్లు, 91 చదువు, 92 ఇంటిపని. నేను మొదటిసారి ప్రిన్సిపల్ స్టేటస్ (ఏడాదిలో ఎక్కువ కాలం చేసింది) ఒక్కటే తీసుకుని, ఆడవాళ్ల భాగస్వామ్య రేటు (పనిలో ఉన్నవాళ్లూ పని దొరకనివాళ్లూ కలిపి ఎంత శాతమో) రిపోర్టు కంటే బాగా తక్కువ వస్తుంటే కోడ్‌లో తప్పుందేమోనని సాయంత్రమంతా వెతికా. తప్పు అక్కడ లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటిపని, నాట్లకీ కలుపుకీ ఓ నలభై రోజులు కూలి: ఆమె ప్రిన్సిపల్ కోడ్ 92, సబ్సిడరీలో (దాంతో పాటు చేసిన పని) 51. 30 రోజులకి తగ్గని పని కాబట్టి యూజువల్ స్టేటస్‌లో ఆమె కార్మికురాలే. రెండు కాలమ్స్‌లో ఎక్కడ పని కోడ్ ఉన్నా పనిలో ఉన్నట్టే రాసుకోండి, ప్రిన్సిపల్ 81 అయినా సరే. మహిళల భాగస్వామ్యం 2017-18లో 23.3 నుంచి 2023-24లో 41.7 శాతానికి ఎగిసిందని మురిసేముందు అందులో 21 కోడ్ ఎంతో విడదీసి చూడండి.

వెయిట్ (శాంపిల్‌లో ఒక్కో మనిషి ఎంతమందికి లెక్కో చెప్పే అంకె, మల్టిప్లయర్ కాలమ్ నుంచి తీసేది) మర్చిపోతే అంతా వృథా. 2024 వరకు ఫైళ్లలో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే రెండు కాలమ్స్‌లో అంకెలు సమానమైతే మల్టిప్లయర్‌ని 100తో, లేకపోతే 200తో భాగించాలి, వార్షిక అంచనాకి క్వార్టర్ల సంఖ్యతో కూడా. తర్వాత మిగిలిన 81 వాళ్లని, పనిలో ఉన్నవాళ్లూ 81 వాళ్లూ కలిసిన మొత్తంతో భాగించండి, జనాభా మొత్తంతో కాదు. ముందు దేశం మొత్తానికి 3.2 వస్తుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే ఆంధ్రకి 28, తెలంగాణకి 36 కోడ్ పెట్టి విడగొట్టండి.

జిల్లా దాకా వెళ్లాలనిపిస్తుంది, కానీ వెయిట్ వేయకముందు ఆ గడిలో ఎంతమంది ఉన్నారో చూడండి, పదో పదిహేనో తలలుంటే ఆ శాతం ఎవరికీ చూపించొద్దు. 2025 జనవరి నుంచి శాంపిల్ డిజైనే మారింది, పాత ఏళ్ల పక్కన పెట్టి గ్రాఫ్ గీస్తే మధ్యలో ఒక గీత కొట్టండి.