ఆత్మీయ పోరాటంలో ప్రార్థన చేయడం ఎలా

ఆత్మీయ పోరాటం అంటే అపవాదితో, అంటే సాతానుతో, విశ్వాసి చేసే పోరాటం. బైబిల్లోని ఎఫెసీ పత్రిక (ఎఫెసు సంఘానికి రాసిన లేఖ) 6వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణం, ఖడ్గం అంటూ సర్వాంగ కవచాన్ని వివరించి, ఆ వెంటనే 18వ వచనంలో ఎల్లవేళలా ఆత్మవలన ప్రార్థన చేయమంటాడు. ప్రార్థనను ఆయన ఏ ఆయుధంతోనూ పోల్చలేదు. కవచం ధరించిన విశ్వాసి నిలబడి చేయవలసిన పని అదే.

మొదట మీరు ఎవరితో మాట్లాడుతున్నారో గుర్తుంచుకోండి. అపవాదిని గద్దించడంతోనే ప్రార్థన సమయమంతా గడిచిపోవడం మంచిది కాదని నా దృఢమైన అభిప్రాయం. యాకోబు పత్రిక 4:7 ముందు దేవునికి లోబడమని, ఆ తరువాతే అపవాదిని ఎదిరించమని చెబుతుంది. అందువల్ల పాపాల ఒప్పుకోలుతో ప్రారంభించండి. ముఖ్యంగా ఎవరిపైనైనా కోపం నిలిచి ఉంటే దానిని దాచకండి. అపవాదికి చోటివ్వవద్దన్న హెచ్చరికను పౌలు కోపాన్ని గురించి చెబుతూనే రాశాడు.

శోధన, అంటే పాపంవైపు లాగే ప్రేరేపణ, ఎదురయ్యాక కాదు, రాకముందే ప్రార్థించాలి. తాను పట్టబడిన రాత్రి గెత్సేమనే తోటలో యేసు, శోధనలో ప్రవేశించకుండా మెలకువగా ఉండి ప్రార్థించమని శిష్యులకు చెప్పి, తాను మూడుసార్లు వెళ్లి తండ్రిని వేడుకున్నాడు; వారు మాత్రం నిద్రపోయారు. ఆయుధాలతో జనసమూహం వచ్చినప్పుడు ఆయన నిబ్బరంగా ఎదురు నిలిచాడు, శిష్యులు ఆయనను విడిచి పారిపోయారు. ఆ రాత్రి గెలుపోటములు తోటలోనే, ప్రార్థనలోనే తేలిపోయాయి. కాబట్టి మీరు ఏ వేళలో, ఏ పరిస్థితిలో బలహీనపడతారో గమనించి, అంతకు ముందే దేవుని సన్నిధికి వెళ్లండి. “నన్ను కాపాడు” అని ఊరుకోక, అసూయైనా, అబద్ధమైనా, వ్యసనమైనా ఆ శోధన పేరు పెట్టి అడగండి.

అరణ్యంలో అపవాది తెచ్చిన మూడు శోధనలకూ యేసు పాత నిబంధన గ్రంథమైన ద్వితీయోపదేశకాండములోని మాటలతోనే జవాబిచ్చాడు. మీ పోరాటానికి తగిన వచనాన్ని కంఠస్థం చేసి, దానినే ప్రార్థనగా పలకండి.

మన పోరాటం మనుష్యులతో కాదు గనుక, మిమ్మల్ని బాధపెట్టిన వ్యక్తిని శత్రువుగా కాక విజ్ఞాపన (ఇతరుల కోసం చేసే ప్రార్థన) చేయవలసినవాడిగా చూడండి. అనారోగ్యంతోనో మనోవేదనతోనో ఉన్నవారికి దయ్యం పట్టిందని ముద్ర వేయకండి; వారికోసం ప్రార్థిస్తూనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.

జవాబు ఆలస్యమైతే అది ఓటమి కాదు. ప్రవక్త దానియేలు మూడు వారాలు ఉపవాసముండి జవాబు కోసం ఎదురుచూశాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు, దానిని భరించే కృప మాత్రం దొరికింది.

ఒంటరిగా పోరాడకుండా, నమ్మకమైన ఒకరిద్దరు విశ్వాసులను మీ కోసం ప్రార్థించమని అడగండి. సంకెళ్లలో ఉన్న పౌలు ఎఫెసీయులను కోరింది విడుదల కోసం కాదు, సువార్తను ధైర్యంగా చెప్పే వాక్కు కోసం. మీరు కూడా కష్టం తీరాలని మాత్రమే కాక, ఆ కష్టంలో నమ్మకంగా నిలబడేలా ప్రార్థించమని వారిని కోరండి.