కొత్తగా రంగు వేసిన స్కూల్ బస్సు మీద వినైల్ అక్షరాలు అంటించడం

మన దగ్గర దీన్ని ఎవరూ వినైల్ అనరు, రేడియం అంటారు. చీకట్లో మెరిసినా మెరవకపోయినా, ప్లాటర్‌లో (కంప్యూటర్‌లో గీసిన అక్షరాన్ని బ్లేడుతో కోసే యంత్రం) కట్ చేసి వెనక పేపరు పీకి అంటించేదంతా రేడియమే. షాపులో అడిగేటప్పుడు మాత్రం మామూలు వినైల్ కావాలా, లైటు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ కావాలా అన్నది విడిగా చెప్పాలి.

ఈ పని ఎక్కువగా పాడయ్యేది మే నెలలో. స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ గడువు మే 15తో అయిపోతుంది, బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. ఈ మధ్యలోనే డెంటింగ్, పెయింటింగ్, అక్షరాలు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అన్నీ జరగాలి. సోమవారం పసుపు రంగు కొట్టి, మంగళవారం పేరు అంటించి, బుధవారం ఆర్టీఏ ఆఫీసుకు తోలుతారు. శుక్రవారానికల్లా అక్షరాల నిండా ఆవగింజలంత బుడగలు లేస్తాయి. స్టిక్కర్ నాసిరకమని షాపువాడి మీద పడతారు గానీ, చాలాసార్లు తప్పు స్టిక్కర్‌ది కాదు, కింద ఉన్న రంగుది.

ముట్టుకుంటే అంటకపోవడం వేరు, లోపల ఆరడం వేరు

స్ప్రే చేసిన రంగులో, దాన్ని పలచన చేసే థిన్నర్ ఉంటుంది. పైపొర గంటల్లో గట్టిపడుతుంది, లోపలి థిన్నర్ మాత్రం ఆ పొరలోంచి మెల్లగా, రోజుల తరబడి ఆవిరవుతూనే ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ పొర మూసేస్తే ఆవిరికి దారి ఉండదు. ఎండకు రేకు వేడెక్కగానే అది వినైల్‌ను పైకి తన్ని బుడగ చేస్తుంది. నష్టం అంతటితో ఆగదు. ఆ ఆవిరి జిగురును మెత్తబరుస్తుంది, అక్షరం అంచులు చుట్టుకుంటాయి. కింద రంగు మెత్తగా ఉండిపోవడంతో, తర్వాత స్టిక్కర్ తీసేసినా అక్షరాల అచ్చు రంగులో కనిపిస్తుంది. ఒక్కోసారి అక్షరంతోపాటు రంగూ ఊడి వస్తుంది.

ఎన్ని రోజులు ఆగాలన్నది ఏ రంగు వేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ, అంటే పాలీయురేథేన్ రంగైతే కనీసం 7 రోజులు, 10 అయితే ఇంకా మంచిది. పెయింట్ బూత్‌లో (వేడి గదిలో) 60 డిగ్రీల దగ్గర అరగంట కాల్చిన పీయూకు చల్లారాక మూడు నాలుగు రోజులు చాలు, అయినా కింద చెప్పిన పరీక్ష చేయాల్సిందే. సింథటిక్ ఎనామిల్‌కు 3 నుంచి 4 వారాలు పడుతుంది. అది థిన్నర్ పోవడంతోనే ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ గట్టిపడుతుంది, అందుకే ఆలస్యం. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు చూడ్డానికి పావుగంటలో ఆరినట్టే ఉంటుంది. కానీ కోటు మీద కోటు దట్టంగా కొడితే అడుగు కోట్లలో థిన్నర్ ఇరుక్కుపోతుంది. దానికీ వారం పైనే ఇవ్వండి. డబ్బా మీద కంపెనీ ఇంతకంటే ఎక్కువ గడువు రాసి ఉంటే ఆ మాటే లెక్క. వానాకాలంలో, కోస్తా ఉక్కపోతలో ఎనామిల్‌కు ఇంకో వారం కలుపుకోండి.

లప్పం పెట్టిన చోట్లను మరిచిపోవద్దు. సొట్ట పూడ్చడానికి మందంగా లప్పం పెట్టిన దగ్గర, చుట్టూ ఉన్న రేకు కంటే ఆరడం ఆలస్యం. బస్సంతా బాగుండి ఒక జానెడు మేర మాత్రమే బుడగలు లేచాయంటే, దాని కింద లప్పం ఉందనుకోవచ్చు.

అందుకే తారీఖులు వెనక నుంచి లెక్కపెట్టండి. ఎనామిల్ వేయించేటట్టయితే ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చిన వారంలోనే బస్సు షెడ్డుకు పోవాలి. అప్పుడు మే ఆఖరి వారంలో అక్షరాలు, జూన్ మొదట్లో ఎఫ్‌సీ. అంత టైం లేదంటే పీయూ వేయించండి, ఖర్చు ఎక్కువైనా రెండు వారాలు కలిసొస్తాయి. అదీ కుదరకపోతే రేడియం మానేసి బ్రష్ పెయింటర్‌ను పిలవండి. రంగు మీద రంగు రాస్తే ఆవిరి పోవడానికి దారి ఉంటుంది. ఎనామిల్ బాడీ మీద ఎనామిల్‌తోనే రాయమనండి, ఎనామిల్ మీద ఎన్‌సీ పడితే కింది రంగు ముడతలు పడుతుంది. చేయి తిరిగిన పెయింటర్ రాత, పచ్చి రంగు మీద అంటించిన స్టిక్కర్ కంటే ఎప్పుడూ నయమే.

ఆరిందో లేదో చూసే పద్ధతి

మొదట గోటి పరీక్ష. కనపడని మూల, ఉదాహరణకు ఫుట్‌బోర్డు పక్కన, బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. గాటు పడి అలాగే ఉండిపోతే ఇంకా పచ్చిదే. ముక్కు దగ్గర పెట్టి చూసినా థిన్నర్ వాసన తెలుస్తుంది.

అసలు పరీక్ష ముక్క అంటించడం. మీరు వాడబోయే వినైల్‌లోంచే 6 అంగుళాల చదరం కోసి, లప్పం ఎక్కువున్న చోట, ఎండ పడే వైపు అంటించండి. బుడగలేవీ లేకుండా బాగా రుద్ది 24 గంటలు వదిలేయండి, అందులో ఒక మధ్యాహ్నం ఎండ తగలాలి. మర్నాడు ముక్క నున్నగా ఉంటే ముందుకు పోవచ్చు. చిన్న చిన్న బుడగలు పరుచుకున్నట్టు లేస్తే ఇంకో వారం ఆగి మళ్లీ చూడండి. ముక్క తీసేటప్పుడు జిగురు వైపు తిప్పి చూడండి. పసుపు అంటి ఉంటే రంగుకు కింది ప్రైమర్‌తో పట్టు లేదని అర్థం. అప్పుడు మాట్లాడాల్సింది పెయింటర్‌తో, రేడియం షాపుతో కాదు.

ఏ వినైల్, ఎంత

మామూలు మోనోమెరిక్ రకం 75, 80 మైక్రాన్ల మందం ఉంటుంది, చవక. రెండు మూడేళ్లలో కుంచించుకుపోయి అక్షరం చుట్టూ జిగురు గీత బయటపడుతుంది, దానికి దుమ్ము పట్టి నల్ల అంచులా తయారవుతుంది. బస్సుకు పాలిమెరిక్ రకం సరిపోతుంది, ఐదారేళ్లు ఉంటుంది. 50 మైక్రాన్ల కాస్ట్ ఫిల్మ్ వంపులకూ రివెట్లకూ బాగా ఒదుగుతుంది గానీ ధర చాలా ఎక్కువ. చదును రేకుకు ఆ ఖర్చు దండగ.

రెండు వైపులా పేరు 8 అడుగుల పొడవు, 9 అంగుళాల ఎత్తు అనుకుందాం. 2 అడుగుల వెడల్పు రోల్‌లో రెండు వరసలు పక్కపక్కన పడతాయి కాబట్టి 8 అడుగుల ముక్కలోనే రెండు వైపులకూ వస్తుంది. ముందూ వెనకా ‘స్కూల్ బస్’, ఫోన్ నంబరు కలిపి ఇంకో 4 అడుగులు. పాడైన అక్షరాలకు 3 అడుగులు అదనంగా పెట్టుకుని మొత్తం 15 అడుగులు తీసుకోండి. కోసిన అక్షరాలన్నిటినీ చెదరకుండా ఒకేసారి ఎత్తి అంటించడానికి పైన వేసే అప్లికేషన్ టేపు కూడా అంతే పొడవు కావాలి. పసుపు మీద నలుపు బాగా కనబడుతుంది, కానీ నల్ల అక్షరం చుట్టూ ఉన్న పసుపు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. రంగు సరిగా ఆరకపోతే బుడగలు ముందు దాని కిందే లేస్తాయి.

తెలుగు అక్షరాలతో వచ్చే చిక్కులు

ఇంగ్లీషు అక్షరాలు కట్ చేసినంత సులువుగా తెలుగు కట్ కాదు. డీటీపీ షాపుల్లో వాడే అను తెలుగు ఫాంట్లతో టైప్ చేసినప్పుడు అక్షరం, తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వేర్వేరు ముక్కలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. తెర మీద, కాగితం మీద అది కనబడదు. ప్లాటర్ బ్లేడుకు మాత్రం ప్రతి గీతా కోయాల్సిన గీతే. తలకట్టు ఎక్కిన చోట అక్షరాన్ని అడ్డంగా కోసేస్తుంది, పీకేటప్పుడు ముక్కలు విడిపోతాయి. కోరెల్‌డ్రాలో (డిజైన్ సాఫ్ట్‌వేర్) పేరును కర్వ్స్‌గా, అంటే గీతలుగా మార్చి, ఒక్కో అక్షరం ముక్కల్ని ఎంచుకుని వెల్డ్ చేయండి, అంటే ఒకే ముక్కగా కలపండి. ఆపైన రంగులు లేకుండా అంచు గీతలే చూపే వైర్‌ఫ్రేమ్ వ్యూలో చూస్తే, ఎక్కడైనా గీతలు ఇంకా ఒకదాన్నొకటి దాటుతుంటే తెలిసిపోతుంది.

రెండో చిక్కు వీడింగ్‌లో, అంటే అక్షరాల మధ్య అక్కర్లేని వినైల్‌ను పీకేటప్పుడు. ధ, ఫ, ఢ కింద ఉండే చిన్న నిలువు గీత చాలా ఫాంట్లలో అక్షరానికి అంటుకోకుండా విడిగా ఉంటుంది. పనికిరానిదాంతోపాటు అదీ లేచిపోతుంది, ఎవరూ గమనించరు. ‘బోధన’ కాస్తా ‘బోదన’ అవుతుంది. ‘ఫోన్’ అన్న మాట ‘పోన్’గా తిరిగే బస్సులకు మన రోడ్ల మీద కొదవ లేదు. ఈ గీత వెడల్పు 3 మిల్లీమీటర్లకు తగ్గకుండా ముందే లావు చేయించండి. థ పొట్టలో చుక్క సంగతీ అంతే. వీడింగ్ చేసేటప్పుడు పట్టకారుతో ఆ ముక్కను నొక్కి పట్టుకుని చుట్టూ పీకాలి. అప్లికేషన్ టేపు వేసే ముందు ఒకరు పేరును పైకి చదవాలి, ఇంకొకరు కాగితంతో సరిచూడాలి.

మన అక్షరాల్లో మూలలు తక్కువ, గుండ్రం ఎక్కువ. అది మనకు మేలు, ఎందుకంటే వినైల్ మొదట లేచేది సూదిగా ఉన్న మూలల దగ్గరే. తలకట్టు కొన ఒక్కటే సన్నగా ఉంటుంది, దాని చివర కాస్త గుండ్రం చేయిస్తే చాలు.

తుడవడం

నీళ్లలో కాస్త షాంపూ కలిపి కడిగి ఆరబెట్టండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7 పాళ్లు, నీళ్లు 3 పాళ్లు కలిపి, ఒక గుడ్డతో తడి చేసి, అది ఆవిరి కాకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవండి. ఒకే గుడ్డతో చేస్తే జిడ్డు అటూ ఇటూ పులిమినట్టే. గుడ్డకు పసుపు బాగా అంటితే రంగు ఆరలేదని మరో గుర్తు. థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ ముట్టుకోవద్దు. థిన్నర్ కొత్త రంగును మెత్తబరుస్తుంది, కిరోసిన్ జిడ్డు వదులుతుంది.

పెయింటర్ బండి అప్పగించే ముందు మెరుపు కోసం మైనం పాలిష్ కొడతాడు. అక్షరాలు వచ్చే పట్టీ మీద కొట్టొద్దని ముందే చెప్పండి. టైర్లకు, డాష్‌బోర్డుకు పూసే సిలికాన్ పాలిష్ కూడా అక్షరాలు అంటించేదాకా బస్సు దగ్గరకు రానివ్వొద్దు.

అంటించడం

మే నెలలో ఉదయం 6 నుంచి 9 లోపు, నీడలో పని ముగించాలి. అరచేయి రేకు మీద పెట్టి 5 సెకన్లు ఉంచలేకపోతే పని ఆపండి. వేడి రేకు మీద జిగురు తగలగానే పట్టేస్తుంది, సర్దడానికి వీలుండదు. ఫిల్మ్ కూడా సాగిపోతుంది. 10 డిగ్రీల లోపైతే జిగురు పట్టదు గానీ, ఆదిలాబాద్ చలికాలపు ఉదయాల్లో తప్ప ఆ బాధ మనకు రాదు.

లెవెల్ సాధనం పెట్టొద్దు. బస్సు నిలబడ్డ నేల చదునో కాదో తెలియదు, స్ప్రింగులు ఒక పక్కకు వాలి ఉండొచ్చు. కిటికీల కింద పొడుగునా ఉండే బీడింగ్ (ఉబ్బెత్తు పట్టీ) నుంచి టేపుతో కొలిచి, మూడు చోట్ల మాస్కింగ్ టేపు ముక్క మీద గుర్తు పెట్టుకోండి. చూసేవాళ్ల కంటికి బీడింగే నేల. రివెట్ల వరస మీద అక్షరం పడకుండా అప్పుడే సర్దుకోండి.

8 అడుగుల పట్టీని మాటల మధ్య కోసి రెండు మూడు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కను గుర్తుల దగ్గర నిలిపి, సరిగ్గా నడుమ పైనుంచి కిందకు మాస్కింగ్ టేపు వేయండి. అది తలుపు బందులా పనిచేస్తుంది. కుడి సగాన్ని పైకెత్తి, వెనక పేపరును బందు దాకా ఒలిచి కత్తెరతో కోసేయండి. ఒకరు ఆ సగాన్ని రేకుకు తగలకుండా బిగువుగా పట్టుకోవాలి. రెండోవాళ్లు ఫెల్ట్ (మెత్తటి గుడ్డ) అంచున్న స్క్వీజీని, అంటే రుద్దే ప్లాస్టిక్ పలకను 45 డిగ్రీల వాలులో పట్టి, బందు దగ్గర మొదలుపెట్టి బయటకు లాగాలి. ఒక్కో లాగుడు ముందుదాని మీద సగం పడాలి. తర్వాత బందు టేపు తీసి ఎడమ సగం కూడా అలాగే.

సబ్బు నీళ్లు చల్లి అంటించే పద్ధతి పెద్ద బొమ్మలకు సరే, కొత్త రంగు మీద అక్షరాలకు వద్దు. కింద నిలిచిన నీరు బయటకు పోవడానికి రోజులు పడుతుంది, ఆ బుడగలు నీటివో థిన్నర్‌వో తెలియక తికమక. రిఫ్లెక్టివ్ టేపులనైతే ఎప్పుడూ పొడిగానే అంటించాలి.

5 నుంచి 10 నిమిషాలు ఆగి అప్లికేషన్ టేపు తీయండి. దాన్ని మనవైపు లాగకుండా, దాని మీదికే వెనక్కి మడిచి, రేకుకు ఆనించినట్టుగా మెల్లగా లాగాలి. ఒత్తు ఏదైనా టేపుతో లేస్తుంటే వెనక్కి పెట్టి, మళ్లీ రుద్ది, నిమిషం ఆగండి. టేపు పోయాక వెనక పేపరును అక్షరాల మీద పెట్టి అంచులన్నీ ఇంకోసారి రుద్దండి. హీట్ గన్ అక్కర్లేదు, కొత్త రంగును అది పాడుచేస్తుంది.

బుడగ వస్తే

అంటించిన రోజే కనిపించి, స్క్వీజీ దారి వెంట పొడుగ్గా ఉంటే అది గాలి. సూదితో అంచున పొడిచి నొక్కితే పోతుంది, మళ్లీ రాదు. బ్లేడుతో గాటు పెట్టొద్దు, వినైల్ కుంచించుకునే కొద్దీ ఆ గాటు నోరు తెరుస్తుంది. వేలితో తోస్తే అటూ ఇటూ జరిగేది నీరు, వదిలేయండి. రెండో రోజో మూడో రోజో ఎండ తర్వాత లేచి, అంతా ఒకే సైజులో పరుచుకుని, పొడిచినా మర్నాటికి తిరిగొచ్చేది థిన్నర్ ఆవిరి. దాన్ని పొడుస్తూ కూర్చోవడం వృథా. జిగురు పూర్తిగా పట్టకముందే, చల్లని పూట, వేడి పెట్టకుండా అక్షరాలు ఒలిచేయండి. మిగిలిన జిగురును ఆల్కహాల్‌తో తుడిచి, రంగును రెండు వారాలు గాలికి వదిలి, చదరం ముక్క పరీక్ష మళ్లీ చేసి, కొత్త అక్షరాలు కట్ చేయించండి.

సరిగా అంటిన అక్షరాలకు కూడా మూడు రోజుల దాకా నీళ్లు కొట్టొద్దు. ఆ తర్వాత సర్వీసింగ్ గన్‌తో కడిగేటప్పుడు నాజిల్ అడుగు దూరంలో ఉండాలి, ధార అక్షరం అంచులోకి అడ్డంగా దూరకుండా రేకుకు ఎదురుగా పడాలి.