పార్స్లీ మూడు రోజులకే పాడవుతోందా? ముందు ఫ్రిజ్ తెరిచి చూడండి

బెంగళూరు శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌లో, కొత్తిమీరలా కనిపించే ఈ ఆకు నవనవలాడే కట్ట కొంటారు. మూడో రోజుకి పాడైతే "పాత సరుకు అంటగట్టాడు" అంటారు. ఆకు ఎలా పాడైందో మాత్రం చూడరు.

సమస్య: ఆకు నల్లబడి జిగురుగా ఉంది.
కారణం: తడి. కడిగి, రబ్బరు బ్యాండ్ తీయకుండానే లోపల పెట్టారు.
పరిష్కారం: వాడే ముందే కడగండి. ఇప్పటికే కడిగితే గుడ్డ మీద ఆరబెట్టి, పొడి గుడ్డలో వదులుగా చుట్టండి.

సమస్య: వాడి వేలాడుతోంది.
పరిష్కారం: కాడల చివర కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి, తేరుకుంటుంది.

సమస్య: కాడ గట్టిగానే ఉంది, ఆకు పసుపెక్కింది.
కారణం: పక్కనున్న పండ్లు. దీని దగ్గరే నేను ఎన్నో కట్టలు పారేశాను. తడి లేదు, చల్లదనం సరిపోతోంది, అయినా కింది పెద్ద ఆకులు పసుపు. కొట్టు మార్చాను, సంచి మార్చాను. చివరికి చూస్తే కూరగాయల డబ్బాలో కట్టను ఆనుకుని నాలుగు ఆపిల్స్! ఆపిల్, మామిడి, పండుతున్న టమాటా ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. ముగ్గేసిన మామిడికాయలు ఒకదాన్ని చూసి ఒకటి పండేది దీనివల్లే. అదే వాయువు తగిలితే పార్స్లీ పచ్చదనం పోతుంది. కొత్తిమీరకీ ఇదే బాధ.
పరిష్కారం: పండ్లు వేరే అరలోకి మార్చండి. ఒకే డబ్బాలో అటు పక్కకి జరిపితే చాలదు, గాలి ఒకటే కదా. పసుపెక్కిన ఆకు మళ్ళీ పచ్చబడదు, గిల్లేయండి.

సమస్య: వంటలో వాసనే రాలేదు.
కారణం: పోపులోనే వేసి ఉడికించారు.
పరిష్కారం: సన్నగా తరిగి, స్టవ్ కట్టేశాక చల్లండి. కాడలు మాత్రం సూప్‌లో మొదటే వేయొచ్చు. 100 గ్రాముల పచ్చి ఆకులో సుమారు 130 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, ఉడికిస్తే చాలామటుకు పోతుంది. అంత ఆకు ఒక్కపూట తినేది తబూలే లాంటి సలాడ్‌లోనే. విటమిన్ కె మాత్రం ఒక పెద్ద చెంచా తరుగులోనే 60 మైక్రోగ్రాములు దాటుతుంది. ఇంట్లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వేసుకుంటుంటే, విటమిన్ కె దాని పనికి అడ్డొస్తుంది కాబట్టి, డాక్టర్‌ని అడగకుండా వాళ్ళ కంచంలో ఒక్కసారిగా పెంచకండి.

పురుగు, ఫ్రిజ్ వెనక గోడకి తగిలి గడ్డకట్టడం అరుదు. అవి చివర్లో చూసుకోవచ్చు.