ఫోన్ రిపేరుకి ఇచ్చే ముందు

వానలొచ్చాయి. ఆర్కే బీచ్‌లో సెల్ఫీల మోజు ఎలాగూ తగ్గదు. తడిసిన ఫోన్ కొట్లో ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

సిమ్ తీసి జేబులో వేసుకోండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. సిమ్, ఫోన్ లాక్ పిన్ రెండూ ఒకే చేతిలో పడితే ఖాతా ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు.

పిన్ చెప్పొద్దు. స్క్రీన్, బ్యాటరీ మార్చడానికి అది అక్కర్లేదు. రిపేరువాళ్లలో ఎక్కువమంది నిజాయితీపరులే, కానీ పిన్‌ని చీటీ మీద రాసి ఫోన్ వెనక అంటించే అలవాటుందే, అది ఘోరం. టెస్ట్ చేయాలంటే మీరే ఎదురుగా నిలబడి తెరవండి. చాలా శాంసంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ ఉంది, ఫొటోలూ మెసేజ్‌లూ కనపడనివ్వదు.

*#06# నొక్కి ఐఎంఈఐ (మీ ఫోన్ గుర్తింపు నంబరు) రాసుకోండి. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి కావాలి.

తిరిగొచ్చాక వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరవండి. తెలియని కంప్యూటర్ కనిపిస్తే వెంటనే లాగౌట్ కొట్టండి. మీ ఫోన్ ఆపేసి ఉన్నా అవతల చాట్లు చదువుకోవచ్చు.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కూడా తెరిచి, తెలియని యాప్‌కి అక్కడ అనుమతి ఉందేమో చూడండి. నిఘా యాప్‌లు తరచూ ఈ అనుమతితోనే స్క్రీన్ మీదున్నది చదువుతాయి.