పొడి అక్షరాలు విప్పడం – 4వ పాఠం: ఎస్‌ఏ దగ్గర ఇంకాసేపు

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసంలో రెండో వరుస చాలామందిని పక్కదారి పట్టించింది. పాత గ్రంథాలయ జాబితాల పద్ధతిలో రాసిన వరుస అది: "లిప్సియే, ఎస్‌.ఏ., 84 పుటలు". ఎక్కువమంది ఎస్‌.ఏ. అంటే దక్షిణాఫ్రికా అన్నారు. కొందరు ప్రచురణ సంస్థ పేరు చివర వచ్చే అక్షరాలనుకుని 'కంపెనీ' అని రాశారు. రెండూ కాదు. లిప్సియే అంటే లాటిన్‌లో 'లైప్‌జిగ్‌లో' అని. ఊరి పేరే లాటిన్‌లో ఉంటే పక్కనున్న పొడి అక్షరాలు కూడా లాటినే అని ముందు అనుమానించాలి. అవి సినే ఆన్నో, అంటే 'సంవత్సరం లేకుండా'. పుస్తకం మీద అచ్చయిన సంవత్సరం లేదని జాబితా రాసినవారు చెబుతున్నారు. తెలుగులో 'ప్రచురణ సంవత్సరం లేదు' అంటే చాలు.

దీని తోబుట్టువులు ఇంకో రెండున్నాయి. ఊరు తెలియకపోతే ఎస్‌.ఎల్‌., అంటే సినే లోకో. ప్రచురణకర్త తెలియకపోతే ఎస్‌.ఎన్‌., అంటే సినే నోమినే. జాబితాలో ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం సాధారణంగా ఈ వరుసలోనే వస్తాయి. సంవత్సరం ఉండాల్సిన చోట అంకె బదులు అక్షరాలు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. స్పానిష్ జాబితాల్లోనూ ఎస్‌.ఏ. కనిపిస్తుంది, అక్కడ అది సిన్ ఆన్యో. భాష మారినా అర్థం అదే.

నిఘంటువు చూడటం తప్పు కాదు, మొదటే చూడటం తప్పు. ఎస్‌ఏ అని వెతికితే పదుల కొద్దీ అర్థాలు వస్తాయి, వాటిలో మనకు పరిచయమైనది ముందు కంటికి తగులుతుంది. అందుకే ఈసారి మూడక్షరాల జోలికి వెళ్లకుండా ఎస్‌ఏ మీదే పని చేద్దాం. వరుస ఇది: వాక్యం ఏ భాషలో ఉంది, పొడి అక్షరాలకు ముందూ వెనకా ఏముంది, చుక్కలున్నాయా, పెద్దక్షరాలా చిన్నవా. ఈ నాలుగూ తేలాకే నిఘంటువు.

కొన్ని చోట్ల పని సులువు. జర్మన్ సమయ పట్టికలో ఎస్ పెద్దగా, ఏ చిన్నగా, చుక్క లేకుండా ఉంటే జామ్‌స్టాగ్, శనివారం. దానికి ముందు శుక్రవారం, తర్వాత ఆదివారం కనిపిస్తాయి. జర్మన్ నిఘంటువులో చిన్నక్షరాలతో, చుక్కలతో ఉంటే జీహె ఔఖ్, 'ఇది కూడా చూడండి'. పాత మందుల చీటీలో అవే చిన్నక్షరాలు సెకుందుమ్ ఆర్తెమ్, అంటే మందు కలిపేవారు తమ విద్య ప్రకారం తయారు చేయాలని. గుండె గురించిన వ్యాసంలో సైనోఏట్రియల్ నోడ్, గుండె కొట్టుకునే లయను మొదలుపెట్టే, 1907లో కీత్, ఫ్లాక్ వర్ణించిన కణజాలం. పాత జీపీఎస్ పత్రాల్లో సెలెక్టివ్ అవెయిలబిలిటీ, సాధారణ వాడుకదారులకు కావాలనే తగ్గించి ఇచ్చిన కచ్చితత్వం. దాన్ని 2000 మే నెలలో ఆపేశారు, కాబట్టి పత్రం తేదీ చూడండి. టర్కిష్ చాటింగ్‌లో ఎస్‌ఏ అంటే సలాం, దానికి జవాబు ఏఎస్.

ఇక కంపెనీ పేర్లు. ఫ్రెంచ్‌లో సొసియేతె అనొనీమ్, స్పానిష్‌లో సొసియెదాద్ అనోనిమా. వీటిని తెలుగులో 'అనామక సంఘం' అని, 'అజ్ఞాత సమాజం' అని రాయడం ఇప్పటికీ కనిపిస్తోంది. ఇది మానేయాలి. ఆ కంపెనీ ఏదో చాటుమాటు వ్యవహారం అన్న అర్థం చదివేవారి మనసులో పడుతుంది, అది ఆ సంస్థకు అన్యాయం. ఆ పేరు 1807 నాటి ఫ్రెంచ్ వాణిజ్య స్మృతి నుంచి వచ్చింది. భాగస్వాముల్లో ఎవరి పేరూ సంస్థకు పెట్టకూడదు, చేసే వ్యాపారాన్ని బట్టే పేరు ఉండాలి అన్నది అప్పటి నియమం. పేరు లేనిది అందుకే. ఇప్పుడు ఆ నియమం లేదు, మాట మాత్రం మిగిలింది. అసలు సంగతి వాటాల కంపెనీ: వాటాదారు తాను పెట్టిన సొమ్ము మేరకే నష్టానికి బాధ్యుడు.

'పబ్లిక్ లిమిటెడ్' అని మార్చేయడం కూడా సరికాదు. ఒక్కో దేశపు ఎస్‌.ఏ. ఒక్కో చట్టం కింద నడుస్తుంది. పెట్టాల్సిన కనీస మూలధనం ఫ్రాన్స్‌లో 37,000 యూరోలు, స్పెయిన్‌లో 60,000 యూరోలు, స్విట్జర్లాండ్‌లో 1,00,000 ఫ్రాంకులు. పోలాండ్‌లో 1,00,000 జ్లోటీలు, పైగా అక్కడ ఏ అంటే అనామకం కాదు, అక్త్సీనా, 'వాటాలది'. అక్షరాలు కలిశాయి, మాటలు కలవలేదు. రొమేనియాలో ఇంకా తమాషా: పూర్తి పేరు ఇప్పుడు 'వాటాల మీది సంస్థ' అనే అర్థంలో ఉంది, అందులో ఏ అక్షరం మాత్రం వాటాల మాటకు సరిపోయింది కాబట్టి పాత పొడి అక్షరాలే కొనసాగుతున్నాయి. స్విట్జర్లాండ్‌లో ఒకే కంపెనీ జర్మన్‌లో ఏజీ, ఫ్రెంచ్‌లో ఎస్‌.ఏ. నెస్లే అలాంటిదే. ఆ రెంటినీ రెండు సంస్థలుగా లెక్కేయకండి.

మెక్సికో పేర్లలో 'ఎస్‌.ఏ. దె సీ.వీ.' మొత్తం ఒకే ముక్క, మధ్యలో విరగ్గొట్టకూడదు. చివరి భాగం మూలధనం మారవచ్చని చెబుతుంది. నా పద్ధతి: కంపెనీ పేరు చివరి ఎస్‌.ఏ.ను విప్పకుండా అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం 'వాటాల కంపెనీ' అని పక్కన చేర్చడం. రెండోసారి నుంచి ఆ అక్షరాలు కూడా తీసేస్తాను. ఒప్పంద పత్రంలో మాత్రం తీయకూడదు.

ఫ్రెంచ్‌లో ఇంకో చిక్కు. ఎస్‌.ఏ. మనిషి పేరుకు ముందు వస్తే కంపెనీ కాదు, సొన్ ఆల్తెస్, రాజవంశీకులకు వాడే గౌరవ వాచకం. పేరుకు తర్వాత వస్తే కంపెనీ.

దక్షిణాఫ్రికా గందరగోళం కూడా ఇక్కడే తీర్చేద్దాం. అంతర్జాతీయ దేశ సంకేతాల్లో ఎస్‌ఏ సౌదీ అరేబియాది. దక్షిణాఫ్రికాది జెడ్‌ఏ, ఆ దేశపు డచ్ పేరులోంచి వచ్చింది. భాషా సంకేతాల్లో ఎస్‌ఏ సంస్కృతం. వెబ్ పేజీలో 'ఏఆర్-ఎస్‌ఏ' ఉంటే సౌదీలో వాడే అరబిక్. 'ఎస్‌ఏ-ఐఎన్' ఉంటే భారతదేశపు సంస్కృతం. భాషను చిన్నక్షరాల్లో, దేశాన్ని పెద్దక్షరాల్లో రాయడం ఆనవాయితీ. యంత్రం మాత్రం ఆ తేడా పట్టించుకోదు, కాబట్టి అక్షరాల సైజును నమ్ముకోకండి. గీతకు ముందున్నది భాష అని గుర్తుంచుకుంటే చాలు. ఇదే చిక్కు మలయాళం, మాలీల దగ్గర ఉంది (ఎమ్‌ఎల్), పంజాబీ, పనామాల దగ్గర ఉంది (పీఏ), కన్నడం, సెయింట్ కిట్స్‌ల దగ్గర కూడా (కేఎన్).

యుద్ధకాలపు ఫోటోల విషయంలో జాగ్రత్త. జర్మన్ పత్రంలో ఎస్‌ఏ అంటే నాజీ పార్టీ అర్ధసైనిక దళమైన స్టుర్మ్‌ఆబ్టైలుంగ్ కావచ్చు. ఫిన్లండ్ తుపాకీ మీద చదరపు గీతల మధ్య ముద్ర ఉంటే అది సువోమెన్ ఆర్మేయా, ఫిన్లండ్ సైన్యం ఆస్తి. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే ఫోటో కింద రాసే వాక్యమే అబద్ధమవుతుంది.

అభ్యాసం. నాలుగు వేర్వేరు భాషల్లో, ఎస్‌ఏ వచ్చే పన్నెండు వరుసలు మీరే పోగు చేయండి. వాటిలో కంపెనీ పేర్లు మూడుకు మించకూడదు. ప్రతి వరుసకూ నిఘంటువు తెరవకముందే భాష, ముందు మాట, వెనక మాట, చుక్కలు, అక్షరాల సైజు రాసి, మీ ఊహను కూడా కాగితం మీద పెట్టండి. తర్వాతే సరిచూడండి. ఊహ తప్పిన చోట ఏ గుర్తును వదిలేశారో ఒక్క మాటలో రాయండి. అయిదో పాఠం ఆ గుర్తులతోనే మొదలవుతుంది.